కరెంటు పోయి వచ్చాక డిస్కుల పెట్టె తెరుచుకోకపోతే

ప్రశ్న: మాది పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో. నాలుగు డిస్కులు పట్టే యూఎస్‌బీ పెట్టెలో ఒక్కొక్కటి 4 టీబీ గల డిస్కులు నాలుగు పెట్టి రెయిడ్ 5గా (నాలుగూ ఒకే డిస్కులా కనిపిస్తూ, ఒకటి పోయినా సమాచారం నిలిచే అమరికలో) వాడుతున్నాము. పోయిన వారం గాలివానకు రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. అప్పటికి ఒక వీడియో ఎక్స్‌పోర్ట్ నడుస్తోంది. తెల్లవారి చూస్తే మూడో డిస్కు దగ్గర ఎర్ర లైటు వెలుగుతోంది, కంప్యూటరేమో డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలంటోంది. మా షాపు అబ్బాయి రీబిల్డ్ (పోయిన డిస్కులోనిదాన్ని మిగిలినవాటి లెక్కతో తిరిగి రాయించడం) కొట్టేద్దామంటున్నాడు. ఇంకా ఆల్బమ్ ఇవ్వని పెళ్లిళ్లు మూడు అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?
– స్టూడియో యజమాని, నరసరావుపేట

జవాబు: ముందు ఆ అబ్బాయిని ఆగమనండి. మీ ఉత్తరంలో నాకు ధైర్యం కలిగించిన మాట ఒక్కటే: ఇంతవరకు ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. కరెంటు హఠాత్తుగా పోవడం వల్ల చెడేది సాధారణంగా ఆ క్షణంలో రాస్తున్న కొద్దిపాటి భాగమే. మిగిలినదంతా డిస్కుల మీద ఉన్నచోటే ఉంటుంది. నా దగ్గరకు వచ్చిన పెట్టెల్లో నిజంగా చేజారిపోయినవి చాలావరకు మర్నాటి పొద్దున కంగారులో ఫార్మాట్‌కో, ఇనిషియలైజ్‌కో, రీబిల్డ్‌కో 'సరే' అన్నవారివే. కనుక ఆ సందేశం ఎన్నిసార్లు వచ్చినా రద్దు చేయండి. డిస్కు తప్పులు దిద్దే విండోస్ పనిముట్టు చెక్‌డిస్క్ కూడా నడపవద్దు. దాని పని ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికల్లో, పొంతన కుదర్చడమే గాని మీ ఫైళ్లను కాపాడడం కాదు; ఒక డిస్కు తప్పిపోయి, లెక్క చెదిరి ఉన్న రెయిడ్ మీద దాన్ని నడిపితే తనకు అర్థం కానిదాన్నల్లా దిద్దుకుంటూ పోయి, బాగున్న ఫోల్డర్ల జాబితాను కూడా చెరిపేస్తుంది. పెట్టె వెనక రెయిడ్ రకాన్ని మార్చే చిన్న మీట గాని, పిన్నుతో నొక్కే రీసెట్ రంధ్రం గాని ఉంటే దాని జోలికి అసలే పోవద్దు; అనేక పెట్టెల్లో ఆ రెండూ కలిస్తే కొత్త రెయిడ్ తయారై పాతది పోతుంది.

మీ లక్షణాల్లో ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. రెయిడ్ 5లో ఒక్క డిస్కు పోతే పెట్టె నెమ్మదించాలి గాని, ఫార్మాట్ చేయమని అడగకూడదు. మిగిలిన మూడింటి లెక్కతో నాలుగోదాన్ని అప్పటికప్పుడు కూర్చుకుంటూ ఫైళ్లు చూపించాలి. చూపించడం లేదంటే, ఎర్ర లైటు వెలగకపోయినా రెండో డిస్కు కూడా జారిపోయి ఉండాలి, లేదా పెట్టె తన అమరికను మరిచిపోయి ఉండాలి, అదీ కాకపోతే రాత మధ్యలో తెగడం వల్ల ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) పట్టికలు దెబ్బతిని ఉండాలి. ఈ మూడింటికీ మందు వేరువేరు కాబట్టి, ఏదన్నది తేలకుండా రీబిల్డ్ కొట్టడం జబ్బు తెలియకుండా ఇంజెక్షన్ పొడవడమే అవుతుంది.

రీబిల్డ్ అంటే నాకు ఎందుకింత భయమో ఒక చిన్న లెక్కతో చెబుతాను. మూడు చీటీల మీద 5, 3, 9 అని రాసి, నాలుగో చీటీ మీద వాటి మొత్తం 17 అని రాసుకున్నారనుకోండి. ఏ ఒక్క చీటీ పోయినా మిగతా మూడింటినుంచి దాన్ని రాబట్టవచ్చు. ఇప్పుడు రెండో చీటీలోని 3ను 7గా మార్చారు. మొత్తాన్ని 21గా దిద్దేలోపు కరెంటు పోయింది. చీటీలు 5, 7, 9, 17గా ఉండిపోయాయి. ఆ తర్వాత మొదటి చీటీ పోతే మీరు వేసే లెక్క 17లోంచి 7, 9 తీసేయడం, అంటే 1. మీరు ముట్టుకోనైనా ముట్టుకోని 5 ఇక లేదు, దాని స్థానంలో 1 వచ్చి కూర్చుంది. పెట్టె చేసేది కూడిక కాదు, ఎక్సార్ అనే బిట్ల లెక్క. సూత్రం మాత్రం ఇదే. దీనికి ఈ రంగంలో రైట్ హోల్ అని పేరు. బ్యాటరీ గాని, రాతలను ముందుగా నమోదు చేసుకునే లాగ్ గాని లేని చవక పెట్టెలకు దీన్నుంచి రక్షణ లేదు. ఇది చాలనట్టు, రీబిల్డ్ నడవాలంటే మిగిలిన మూడు డిస్కుల్లోని 12 టీబీలనూ తు.చ. తప్పకుండా చదవాలి. మామూలు డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ ఏమిటంటే, 100 లక్షల కోట్ల బిట్లకు, అంటే సుమారు 12.5 టీబీకి, చదవలేని చోటు ఒకటికి మించదని. వాస్తవంలో డిస్కులు ఇంతకంటే మెరుగ్గానే ఉంటాయి. అయినా ఒకే రోజు ఒకే దుకాణంలో కొని, ఒకే పెట్టెలో ఒకే వేడికి ఉడికిన నాలుగింటిలో ఒకటి పడిపోయినప్పుడు మిగిలిన మూడింటి ఆరోగ్యం మీద పందెం కాయడం నాకు సమ్మతం కాదు.

ఇక పనిలోకి వద్దాము. పెట్టెను ఆపి, ప్లగ్ తీసి, డిస్కులను బయటికి లాగకముందే ఒక్కొక్కదాని మీద అది ఉన్న గూటి సంఖ్యను మార్కర్‌తో రాసి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ తర్వాత అనుమానించవలసినది డిస్కును కాదు, అడాప్టర్‌ను. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే కొన్ని సెకన్లలో 12 వోల్టుల తీగ నుంచి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 8 ఆంపియర్లు, అంటే వంద వాట్లకు దగ్గర. కొత్తలో దీన్ని మోసిన అడాప్టర్, నాలుగేళ్లు వాడి మూడుసార్లు ఎదురుదెబ్బ తిన్నాక ఆ క్షణంలో 12 వోల్టులను నిలబెట్టలేకపోవచ్చు. అప్పుడు ఒక డిస్కు ఆలస్యంగా లేస్తుంది, పెట్టె దాన్ని చచ్చినదిగా లెక్కగట్టి ఎర్ర లైటు వేస్తుంది. బాగున్న డిస్కును బయటపడేయడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

కాబట్టి డిస్కులను పెట్టెలో పెట్టి మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకుండా, ఒక్కొక్కదాన్ని విడిగా డెస్క్‌టాప్ కంప్యూటర్ సాటా తీగకు తగిలించి పరీక్షించండి. విండోస్‌లో కాకుండా లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే మేలు. విండోస్ అయితే ఇనిషియలైజ్ చేయమంటూ మళ్లీ అడుగుతుంది, చూస్తున్నవారు పొరపాటున సరే అంటారు. డిస్కు లేచేటప్పుడు చెవి ఒగ్గి వినండి. సన్నని హోరు క్రమంగా పెరిగి నిలకడగా ఆగితే మంచిది. టిక్కు, టిక్కు మని ఒకే లయలో కొట్టుకుంటూ ఉన్నా, అసలు కదలిక లేకపోయినా అక్కడితో ఆపి, ఆ డిస్కును డేటా రికవరీ ల్యాబ్‌కు పంపండి. దాన్ని ఫ్రిజ్‌లో పెడితే లేస్తుందని చెప్పేవారు ఇంకా ఉన్నారు. లోపల తేమ చేరడం తప్ప మరేమీ జరగదు.

శబ్దం బాగుంటే స్మార్ట్ నివేదిక, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, తీయండి. అందులో 5, 197, 198 సంఖ్యలు గల వరసలు చూడాలి. మొదటిది చెడి వేరేచోటికి మార్చిన సెక్టార్లు (డిస్కు మీది చిన్న గదులు), రెండోది చదవలేక తేలకుండా ఉన్నవి, మూడోది చదవడం సాధ్యం కాదని తేల్చినవి. మూడూ సున్నాగా ఉండి 199 మాత్రమే పెరిగి ఉంటే తప్పు డిస్కుది కాదు, తీగదో గూటి కనెక్షన్‌దో. మీ మూడో డిస్కు ఈ పరీక్షలో నిక్షేపంగా నిలబడినా నేను ఆశ్చర్యపోను.

ఆ తర్వాతిది ఖర్చుతో కూడిన పని, అయినా దాన్ని దాటవేయవద్దని నా సలహా. అంతే పరిమాణం గల, లేదా అంతకంటే పెద్ద కొత్త డిస్కులు తెచ్చి, నాలుగింటికీ డీడీరెస్క్యూతో సెక్టార్‌కు సెక్టార్ నకలు తీయండి. సెకనుకు 150 ఎంబీ చొప్పున నడిచినా ఒక్కొక్కదానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఆ ప్రోగ్రామ్ తాను ఎక్కడిదాకా వచ్చిందీ మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో మళ్లీ కరెంటు పోయినా ఆగిన చోటినుంచే అందుకుంటుంది, మీ ఊళ్లో ఆ సదుపాయం అవసరమే. నకళ్లు సిద్ధమయ్యాక అసలు డిస్కులను బీరువాలో పెట్టేయండి. ఇకపై చేసే ప్రయోగాలన్నీ నకళ్ల మీదే.

ఆర్-స్టూడియో, యూఎఫ్‌ఎస్ ఎక్స్‌ప్లోరర్ వంటి సాఫ్ట్‌వేర్లు డిస్కుల వరస, స్ట్రైప్ (ఒక్కో డిస్కు మీద ఒక విడతలో రాసే ముక్క) పరిమాణం, పారిటీ (పైన చెప్పిన నాలుగో చీటీ లాంటి లెక్క) డిస్కుల మధ్య తిరిగే తీరు చెబితే పెట్టె ప్రమేయం లేకుండానే రెయిడ్‌ను తెర మీద కూర్చి చూపిస్తాయి. నకళ్ల మీద ఒక్క అక్షరం కూడా రాయవు. మూడో డిస్కు ముందే జారిపోయి ఉంటే దానిలోని రాతలు పాతబడి ఉంటాయి కనుక, ఒకసారి నాలుగింటితోనూ, మరొకసారి దాన్ని వదిలేసి మూడింటితోనూ కూర్చి పోల్చండి. కూర్పు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఫోల్డర్ పేర్లు కనిపించడం చాలదు. ఏడెనిమిది ఎంబీల ఫొటో ఒకటి తెరవండి. స్ట్రైప్ 64 కేబీ అయితే అంత ఫొటో నాలుగు డిస్కుల మీదా పలుమార్లు తిరిగి ఉంటుంది. వరస తప్పితే పైన మామిడాకుల తోరణం చక్కగా కనిపించి, పెళ్లికొడుకు బాసికం దగ్గరికి వచ్చేసరికి బొమ్మ పక్కకు జరిగి, అక్కడినుంచి కిందదాకా బూడిదరంగు పట్టీలు మిగులుతాయి. ఫొటో అడుగువరకు శుభ్రంగా తెరుచుకున్నప్పుడే వరస కుదిరినట్టు. అలాంటివి పది, పన్నెండు తెరిచి చూశాక ఫైళ్లను వేరే డిస్కుకు తీసుకోండి. ఆ రాత్రి ఎక్స్‌పోర్ట్ అవుతున్న వీడియో మాత్రం పోయినట్టే లెక్క. దాన్ని మళ్లీ చేసుకోవలసిందే.

పెళ్లివారికి ఆల్బమ్ ఇచ్చేవరకు ఆ ఫైళ్లకు పెట్టె బయట మరొక ప్రతి ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. రెయిడ్ మీ పని ఆగకుండా చూస్తుంది, అంతవరకే.

ప్రశ్న: మా ఇంట్లో నాలుగు డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించి వాడే డిస్కుల పెట్టె) ఉంది. కరెంటు పోయి వచ్చిన తర్వాత ఒకటి కాదు, రెండు డిస్కులు రెయిడ్ 5 నుంచి బయటికి వచ్చేశాయి. రెండు పోతే ఇక ఆశ లేదని చదివాను. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రెండు డిస్కులు నిజంగా చెడితే ఆశ లేనట్టే. అయితే కరెంటు పోయిన ఒకే క్షణంలో రెండు డిస్కులు యంత్రపరంగా చనిపోవడం అరుదు. డిస్కు చక్రం తిరుగుతున్న ఊపునుంచే కొద్దిపాటి విద్యుత్తు పుట్టించుకుని, కరెంటు తెగగానే తన హెడ్లను భద్రమైన చోటికి చేర్చుకునే ఏర్పాటు ప్రతి ఆధునిక డిస్కులోనూ ఉంది. మీ రెండు డిస్కులు చెడలేదనీ, లెక్కలో వెనకబడ్డాయనీ నా ఊహ.

మనం ఇళ్లలో వాడే నాస్ పెట్టెల్లో ఎక్కువ భాగం లోపల లినక్స్‌తోనే నడుస్తాయి, రెయిడ్‌ను ఎండీ అనే విభాగం చూసుకుంటుంది. అది ప్రతి డిస్కు మీదా ఈవెంట్ కౌంట్ అనే సంఖ్య ఒకటి ఉంచుతుంది. రెయిడ్ స్థితి మారిన ప్రతిసారీ ఆ సంఖ్య పెరుగుతుంది. ముందుగా జారిన డిస్కు పాత సంఖ్య దగ్గరే ఆగిపోతుంది. ఎండీఅడ్మ్ ఎగ్జామిన్ ఆదేశంతో నాలుగింటి సంఖ్యలనూ కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు మూడింటిలో 48210, 48210, 48207 ఉండి, నాలుగోదాంట్లో 31966 ఉందనుకోండి. మొదటి మూడు దాదాపు ఒకేసారి ఆగినవి, నాలుగోది ఎప్పుడో పోయి మీ కంటబడకుండా ఉండిపోయినది. అప్పుడు ఆ పాతదాన్ని పక్కన పెట్టి, మిగిలిన మూడింటితో అసెంబుల్ ఆదేశానికి ఫోర్స్ జోడిస్తే రెయిడ్ లేస్తుంది. లేచాక రాయడానికి వీలు లేకుండా, చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ముందు ఫైళ్లను బయటికి తీసుకోండి. డిస్కులకు నకళ్లు తీసి వాటి మీద ఈ పని చేస్తే మరీ మంచిది.

క్రియేట్ ఆదేశాన్ని మాత్రం వాడవద్దు. పాత రెయిడ్‌ను దానితో తిరిగి లేపవచ్చని కొందరు చెబుతారు. అన్ని వివరాలూ సరిగ్గా ఇస్తే లేస్తుంది కూడా. కానీ డిస్కుల వరసో, సమాచారం మొదలయ్యే స్థానమో ఒక్కటి తప్పినా మీ చేతిలో ఉన్న ఆ ఈవెంట్ కౌంట్లూ, పాత గుర్తులూ అన్నీ చెరిగిపోయి, తర్వాత వచ్చేవాడికి ఆధారం అంటూ ఏదీ మిగలదు.

ప్రశ్న: మా కళాశాల సర్వర్‌కు విడిగా 12 డిస్కుల పెట్టె ఉంది. కరెంటు వచ్చాక అటెండర్ సర్వర్‌నూ, పెట్టెనూ ఒకేసారి ఆన్ చేశాడు. రెయిడ్ కార్డు ఫారిన్ కాన్ఫిగరేషన్ అంటూ ఇంపోర్ట్ చేయాలా, క్లియర్ చేయాలా అని అడుగుతోంది.
– కంప్యూటర్ విభాగం అధ్యాపకుడు, నిజామాబాద్

జవాబు: క్లియర్ అనవద్దు. సర్వర్‌లోని కార్డు లేచి చూసే సమయానికి పెట్టెలోని డిస్కులు ఇంకా తిరగడం మొదలుపెట్టి ఉండవు. తన రెయిడ్ మాయమైందని కార్డు నమోదు చేసుకుంటుంది. తర్వాత డిస్కులు లేచి కనిపించినప్పుడు వాటిని ఎవరివో అనుకుంటుంది, అందుకే ఆ 'ఫారిన్' అన్న మాట. రెయిడ్ అమరిక ప్రతి డిస్కు మీదా రాసే ఉంటుంది కాబట్టి సర్వర్‌ను ఆపి, పెట్టెను ముందు ఆన్ చేసి, అన్ని లైట్లూ నిలకడగా వెలిగేదాకా రెండు నిమిషాలు ఆగి, అప్పుడు సర్వర్‌ను ఆన్ చేయండి. చాలాసార్లు ప్రశ్నే రాదు. వస్తే, ముందు ప్రివ్యూ చూసి, 12 డిస్కులూ ఒకే రెయిడ్‌కు చెందినవిగా కనిపిస్తేనే ఇంపోర్ట్ చేయండి. కొన్ని మాత్రమే కనిపిస్తే తీగలు, పెట్టె వెనక ఉన్న రెండు పవర్ సప్లైలు చూడాలి. ఆపేటప్పుడు దీనికి తలకిందులు: ముందు సర్వర్, చివర పెట్టె. ఈ వరసను ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకు అంటించమని నా మనవి. అటెండర్‌ది తప్పు అనడానికి లేదు, ఆయనకు ఎవరు చెప్పారు గనుక.

మరొక మాట. కార్డులోని కేచ్‌లో (తాత్కాలిక మెమొరీలో) ఇంకా డిస్కుకు రాయని సమాచారం మిగిలి ఉందని సందేశం వస్తే దాన్ని పారేయమనే ఎంపికను తీసుకోవద్దు. పెట్టె సరిగ్గా కలిస్తే కార్డే దాన్ని డిస్కులకు రాసేస్తుంది. మీది పాతకాలపు బ్యాటరీ కార్డు అయితే ఆ బ్యాటరీ కేచ్‌ను నిలిపి ఉంచేది కొత్తలోనే మూడు రోజులు అటూ ఇటుగా. వృద్ధాప్యంలో అంత కూడా ఉండదు. సెలవుల తర్వాత చూద్దామని వాయిదా వేయకండి. ఫ్లాష్‌లోకి రాసుకునే కొత్త కార్డులకు ఈ తొందర లేదు.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, లైట్లు రెప్ప కొట్టినట్టు కూడా తెలియదు. అయినా కరెంటు పోయినప్పుడల్లా డిస్కుల పెట్టె ఆగి మళ్లీ లేస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ కంటికి తెలియని విరామం పెట్టెకు తెలుస్తోంది. కరెంటు తెగినా కంప్యూటర్ పవర్ సప్లైలోని కెపాసిటర్లు నిలబెట్టేది పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు. డిస్కుల పెట్టె అడాప్టర్ పాతబడితే అంత కూడా నిలబెట్టదు. ఇన్వర్టర్ వెనక సాధారణంగా ఒక స్విచ్ ఉంటుంది: ఒకవైపు యూపీఎస్ అనీ, మరోవైపు ఎకో అనో నార్మల్ అనో రాసి ఉంటుంది. రెండోదాంట్లో ఉంటే ఫ్యాన్లకూ, లైట్లకూ సరిపోయేంత తీరుబడిగా మారుతుంది. స్విచ్‌ను యూపీఎస్ వైపు తిప్పి చూడండి. సగం ఇళ్లలో బాధ అక్కడే తీరుతుంది.

తీరకపోతే పెట్టెకూ, దాన్ని నడిపే కంప్యూటర్‌కూ కలిపి ఒక చిన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టండి. ఒకదానికి పెట్టి ఇంకొకదాన్ని వదిలేయడం అర్థం లేని పొదుపు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే దాని వెనక పెట్టిన కొన్ని యూపీఎస్‌లు ఆ విద్యుత్తును కరెంటుగా ఒప్పుకోక తమ బ్యాటరీ మీదే నడిచి కాసేపటికి ఆగిపోతాయి, అది కొనేముందు చూసుకోవాలి. యూపీఎస్‌నుంచి యూఎస్‌బీ తీగ కంప్యూటర్‌కు కలిపి, బ్యాటరీ తగ్గగానే కంప్యూటర్ తనంత తాను మూతపడేటట్టు అమర్చితేనే దాని ప్రయోజనం పూర్తవుతుంది. మరొకటి, 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పునుంచి బయటి డిస్కులకు రాతల కేచ్ వాడకుండా ఉండే క్విక్ రిమూవల్ పద్ధతే మామూలు అమరిక; వేగం కోసం దాన్ని ఎవరైనా మార్చి ఉంటే మళ్లీ యథాస్థానానికి తెచ్చుకోండి.

ప్రశ్న: పిడుగుకు పెట్టె అడాప్టర్ కాలిపోయింది. మా ల్యాప్‌టాప్ అడాప్టర్ పిన్ను సరిగ్గా సరిపోతోంది. పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: పెట్టకూడదు. పిన్ను సరిపోవడం ఇక్కడ సాక్ష్యం కాదు. ల్యాప్‌టాప్ అడాప్టర్లు చాలావరకు 19 వోల్టులవి, మీ పెట్టె 12 వోల్టులది. డిస్కు సర్క్యూట్ బోర్డు మీద అధిక వోల్టేజీ వస్తే తాను షార్ట్ అయి మిగతా బోర్డును కాపాడే డయోడ్ ఉంటుంది. అది బలైతే డిస్కు తిరగదు, అప్పుడు బోర్డు మార్చాలంటే ఆ డిస్కుకే ప్రత్యేకమైన రోమ్ (రీడ్ ఓన్లీ మెమొరీ) చిప్‌ను పాత బోర్డునుంచి కొత్తదానికి మార్చి అతికించవలసి వస్తుంది. ఒక మిత్రుడు ఇదే పని చేసి పెట్టెలోని రెండు డిస్కుల బోర్డులూ ఒకేసారి కాల్చుకున్నాడు. పిడుగు చేయలేని పనిని ల్యాప్‌టాప్ అడాప్టర్ చేసింది. పాత అడాప్టర్ మీద ముద్రించిన వోల్టులు అచ్చంగా అంతే, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ, పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అని చూపే బొమ్మ కూడా అదే – ఈ మూడూ కలిసినదాన్నే తెచ్చుకుని, మొదట డిస్కులు లేని ఖాళీ పెట్టెకు పెట్టి చూడండి.